చెమట పట్టని తమ్ముడు

మిత్సుయోకి మాట అనడమే తప్ప మాట పడటం తెలియదని మా వీధిలో పేరు. పిండి బస్తాలు తెచ్చేవాడు కాస్త చెమ్మ తగిలిన బస్తా దించితే, "ఇది బియ్యప్పిండా, పొలంలో బురదా?" అంటూ వాణ్ణి సందు చివరిదాకా సాగనంపేది. అయినా వాడు మరుసటి వారం నవ్వుతూనే వచ్చేవాడు. ఎందుకంటే తిట్టిన నోరు తిడుతుండగానే ఆమె చేయి వాడి చేతిలో బొగ్గుల మీద కాల్చిన వేడి బియ్యప్పిండి సెంబేలు రెండు పెట్టేది. అలాంటి మనిషి ఒక ఏడాదిపాటు ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా, తలెత్తకుండా బతికింది.

వాళ్ళ సెంబే కొట్టు, నేను నడిపే వీధి స్నానశాలకి ఎదురుగానే ఉంటుంది. పొద్దున్నే నేను బాయిలరు అంటించే వేళకి అవతల వాళ్ళ నాన్న ఇవావో బొగ్గులు రాజేసేవాడు. ఉడికించి దంచిన బియ్యప్పిండిని బిళ్ళలుగా కోసి ఎండబెట్టడం ఒక ఎత్తు. ఆ బిళ్ళల్ని బొగ్గుల మీద ఇనప జాలీలో తిప్పుతూ, ఉబ్బినచోటల్లా పింగాణీ అచ్చుతో అదుముతూ, ఎర్రగా కాలాక సోయా రసం పూయడం ఇంకో ఎత్తు. జపాన్‌లోకెల్లా మండిపోయే మా సైతమా ఎండల్లో ఆ పొయ్యి ముందు కూర్చోవాలంటే గుండె ధైర్యం కావాలి. ఇవావో తలకి తువ్వాలు బిగించి, దాని మీద ఇంకొకటి బిగించేవాడు. "చెమట బొట్టు పడ్డ సెంబే కుక్కకి కూడా వేయకూడదు" అనేవాడు.

అందుకే కొడుకు తెత్సురోని పొయ్యి దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఆ పిల్లాడికి చిన్నప్పటినుంచీ చెమట ధారలే. బడినుంచి ఇంటికొచ్చేసరికి చొక్కా పిండితే నీళ్ళు కారేవి. "వీణ్ణి కూర్చోబెడితే బొగ్గులు ఆరిపోతాయి" అని తండ్రి సరదాకే అన్నా, పిల్లాడికి అది ఎక్కడో గుచ్చుకుంది. పెద్దయ్యాక పార్సిళ్ళ గోదాములో పనికి చేరి అక్కడే ఉండిపోయాడు. తల్లి తొందరగా పోవడంతో వాణ్ణి వీపున కట్టుకుని పెంచింది అక్క మిత్సుయోనే. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, "ఒకణ్ణి పెంచాను చాలు, ఇంకొకణ్ణి పెంచే ఓపిక లేదు" అనేసేది.

ఇవావో పోయాక మిత్సుయో బస్సు కంపెనీలో ఉద్యోగం వదిలేసి పొయ్యి ముందు కూర్చుంది. కొన్నేళ్ళకి భుజం పట్టేసింది. చేయి పైకి లేవకపోయేసరికి తమ్ముడికి ఫోను చేసింది.

"ఒరేయ్ తెత్సూ, వచ్చెయ్యి. నాన్న పొయ్యి చల్లారిపోయేట్టుంది."

"నేనా? పొయ్యి ముందు నాకు కూర్చునే రాత లేదని నాన్నే అన్నాడుగా."

"నాన్న ఇప్పుడు లేడు. నేనున్నాను. రా."

వచ్చాడు. అప్పటికి ముప్పై దాటాయి. మొదటి వేసవి నానా అవస్థ పడ్డాడు. నుదుటికి, మెడకి, మణికట్లకి తువ్వాళ్ళు కట్టుకున్నా బొట్టు రాలనే రాలేది. బొట్టు పడ్డ సెంబేని తీసి పక్కన పడేసేవాడు. సాయంత్రానికి అవన్నీ బుట్టలో కుప్ప. మిత్సుయో ఆ బుట్టకేసి చూసి, "ఇవాళ మనం ఉప్పు కొనక్కర్లేదు" అనేది. వాడు నవ్వేవాడు, కానీ చెవులు ఎర్రబడేవి.

రెండో వేసవిలో అది జరిగింది. ఆగస్టు నెల, సందులో పిల్లి కూడా నీడ వదిలి రాని మధ్యాహ్నం. తెత్సురో పొయ్యి దగ్గరనుంచి లేచి లోపలికి వెళ్ళి, అక్క ముందు తలవంచి నిలబడ్డాడట.

"అక్కా, నుదురు ముట్టుకో."

ముట్టుకుంది. ఎండబెట్టిన పిండి బిళ్ళలా పొడిగా ఉంది. మెడ, వీపు, అన్నీ అంతే.

"తువ్వాలు లేకుండానే పొద్దుట్నించి కాలుస్తున్నాను. ఒక్క బొట్టు లేదు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పకపక నవ్వారు. నాకు మా గుమ్మంలోకి వినిపించింది ఆ నవ్వు. ఆ సాయంత్రం మిత్సుయో ఇంట్లో తండ్రి పటం ముందు అగరొత్తి వెలిగించి, "నాన్నా, నీ కొడుక్కి ఇన్నాళ్ళకి పని పట్టుబడింది" అని చెప్పుకుందని తర్వాత తనే నాతో అంది.

పని పట్టుబడటమనే అనుకున్నారు అందరూ. నేనూ అలాగే అనుకున్నాను. ఒళ్ళు వేడికి అలవాటు పడిందన్నారు, తండ్రి ఆశీర్వాదమన్నారు. మా ఊరి కేబుల్ టీవీ వాళ్ళు శరదృతువులో వచ్చి, రగిలే బొగ్గుల ముందు తడి లేని మొహంతో కూర్చున్న తెత్సురోని చూపించారు. అది చూసి పక్క ఊళ్ళనుంచి జనం రావడం మొదలైంది. మిత్సుయో లోపలి పొయ్యిని తీయించి వీధివైపు అద్దాల వెనక పెట్టించింది. పైన నీలం గుడ్డ మీద తెల్లటి అక్షరాలతో రాయించింది: చెమట పట్టని సెంబే మనిషి.

తెత్సురో ఆ గుడ్డ కింద కూర్చుని సిగ్గుపడుతూనే మురిసేవాడు. పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి చూసేవాళ్ళు. "నిజంగానే పట్టదా అన్నా?" అని అడిగితే జాలీ తిప్పడం ఆపకుండానే నుదురు ముందుకి పెట్టేవాడు. వాళ్ళు వేలితో ముట్టుకుని కేరింతలు కొట్టేవాళ్ళు.

చలికాలం వచ్చింది. మా స్నానశాలకి రోజూ వచ్చి అరగంట వేడినీళ్ళలో కూర్చునేవాడు కాస్తా, దిగీ దిగగానే బయటికి దూకడం మొదలుపెట్టాడు. భుజాల మీద చిన్న చిన్న ఎర్రటి దద్దుర్లు. అక్కతో చెప్పాడు.

"ఒళ్ళు వేడెక్కితే చాలక్కా, సూదులు గుచ్చినట్టుంటోంది. వెయ్యి సూదులు."

మిత్సుయో నవ్వింది. "నాన్నకి వేళ్ళు కాలి బొబ్బలెక్కేవి. నాకు భుజం పోయింది. నీకు సూదులు. ఈ పొయ్యి ఎవర్నీ ఊరికే వదలదురా. నూనె రాసుకో, తగ్గుతుంది."

వాడు నూనె రాసుకున్నాడు. తగ్గలేదు. వసంతంలో పూలు రాలాక ఎండ ముదిరేకొద్దీ తలనొప్పి, కళ్ళు తిరగడం, పొద్దుగూకేసరికి ఒంట్లో జ్వరంలాంటి వేడి. జూన్‌లో ఒకరోజు చెప్పాపెట్టకుండా రైల్వే స్టేషను దగ్గరి క్లినిక్కుకి వెళ్ళొచ్చాడు. ఆ డాక్టరు మాత్రలేవో ఇచ్చి, చెమట పట్టకపోవడం మంచిది కాదు, పెద్దాసుపత్రిలో చర్మ వైద్యులకి చూపించుకోమన్నాడట. ఆ మాట తెత్సురో అక్కకి చెప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను, సెంబేలు కట్టించుకుంటున్నాను.

"వచ్చే వారం వెళ్ళొస్తానక్కా."

మిత్సుయో చుట్టూ అట్టపెట్టెలు. అందరూ ఒకరికొకరు పెట్టెలు పంపుకునే వేసవి కానుకల కాలం. ఆ ఏడు టీవీ పుణ్యమా అని ఎన్నడూ లేనన్ని ఆర్డర్లు వచ్చాయి. తల ఎత్తకుండా పెట్టెకి రిబ్బను కడుతూ అంది:

"వచ్చే వారం ఎట్లారా? ఇవన్నీ ఎవరు కాలుస్తారు? నా చెయ్యి లేస్తే నేనే కాల్చేదాన్ని. ఓబోన్ పండగ వెళ్ళాక వెళ్దువుగాని."

"ఓబోన్ అంటే ఆగస్టు మధ్య అక్కా."

"ఇన్నాళ్ళు ఆగినవాడివి ఆమాత్రం ఆగలేవా? చెమట పట్టకపోతే ఎవరైనా చస్తారా?"

తెత్సురో నాకేసి చూసి భుజాలెగరేసి, మళ్ళీ పొయ్యి ముందుకి వెళ్ళిపోయాడు.

జూలై చివర్లో పడిపోయాడు. అద్దం బయట పది మంది నిలబడి చూస్తుండగా చేతిలో జాలీ వదిలేసి పక్కకి ఒరిగాడు. సెంబేలు బొగ్గుల్లో పడి మాడిన వాసన మా గుమ్మంలోకి వచ్చింది. నేను వెళ్ళేసరికి మిత్సుయో వాడి తల ఒళ్ళో పెట్టుకుని, "తెత్సూ, లేరా, తెత్సూ" అంటోంది. వాడి మెడ మీద చేయి వేశాను. నా బాయిలరు గోడ అలాగే ఉంటుంది, ముట్టుకోగానే చేయి వెనక్కి లాక్కోవాలనిపించేలా. ఒంటి మీద తడి మాత్రం లేదు. ఇద్దరు మగవాళ్ళ చేత మా స్నానశాలలోకి మోయించి, చల్లనీళ్ళ కుళాయి కింద చాపలా పరిచి అంబులెన్సు వచ్చేదాకా బాల్చీలతో పోస్తూనే ఉన్నాను. మిత్సుయో కూడా పోసింది. పోస్తూ పోస్తూ, "నేనే అన్నాను పిన్నీ, ఎవరైనా చస్తారా అని నేనే అన్నాను" అంది. నేను ఇంకో బాల్చీ నింపి ఆమె చేతికిచ్చాను.

రెండు రోజులు స్పృహ లేదు. మూత్రపిండాలు దెబ్బతిన్నాయేమోనని భయపెట్టి, చివరికి లేదన్నారు. ఆ మధ్యలో ఒకసారి మిత్సుయో ఇంటికొచ్చింది. నిచ్చెన వేసుకుని, లేవని చేత్తోనే ఆ నీలం గుడ్డ పీకి, మడత కూడా పెట్టకుండా తెచ్చి నా బాయిలరు దగ్గర నిలబడింది.

"ఇందులో వేసెయ్యనా పిన్నీ?"

"వెయ్యి."

వేసి, కాలిపోయేదాకా చూసింది. అయినా మర్నాడు ఎవరో కారులో వచ్చి, "చెమట పట్టనాయన ఏడీ? పిల్లల్ని తీసుకొచ్చాం, ఇవాళ సెలవా?" అని అడిగారు. మిత్సుయో వాళ్ళకి నడుం వంచి దణ్ణం పెట్టింది. వంచిన నడుం వాళ్ళు వెళ్ళిపోయాక కూడా ఎత్తలేదు.

తెత్సురో కాస్త కోలుకున్నాక యూనివర్సిటీ ఆసుపత్రికి పంపించారు. అక్కడ డాక్టరు షిమురా అని ఒకావిడ, చిన్న మనిషి, మెల్లగా మాట్లాడుతుంది. వాడి ఒంటి నిండా అయోడిన్ పూసి, దాని మీద పిండి చల్లి, వేడి గదిలో కూర్చోబెట్టారు. చెమట పట్టినచోట పిండి నల్లగా, ఊదాగా మారుతుందట. చాలాసేపు కూర్చున్నా తెత్సురో పసుపు రాసుకున్నట్టు పచ్చగానే ఉన్నాడు. అరిచేతులు, అరికాళ్ళు, చంకలు తప్ప ఒళ్ళంతా బీడు. వీపు నుంచి చిటికెన గోరంత చర్మం కోసి కూడా చూశారు.

"చెమట గ్రంథులు ఉన్నాయి, చచ్చిపోలేదు" అంది డాక్టరు. "చెమట పట్టించమని నరాలు కబురు పంపుతున్నాయి, ఇవి వినడం మానేశాయి. ఎందుకో మాక్కూడా సరిగా తెలియదు. అరుదైన జబ్బు. ఎక్కువగా మీ వయసు మగవాళ్ళకే వస్తుంది. అసలు చెమట ఎప్పటినుంచి ఆగిపోయింది?"

తెత్సురో వెంటనే, "ఈ ఏప్రిల్ నుంచి" అన్నాడు.

డాక్టరు రాసుకోబోయింది. మిత్సుయో కుర్చీలోంచి లేచింది.

"కాదండీ. పోయిన ఏడాది ఆగస్టు."

"అక్కా, కూర్చో."

"పోయిన ఏడాది ఆగస్టులో వీడు నా చేత నుదురు ముట్టించాడు. ఇద్దరం నవ్వుకున్నాం. నేను బోర్డు కట్టి వీణ్ణి వీధిలో కూర్చోబెట్టాను. చలికాలంలో సూదులు గుచ్చుతున్నాయన్నాడు, నూనె రాసుకోమన్నాను. జూన్‌లో మీలాంటి వాళ్ళ దగ్గరికి వెళ్తానన్నాడు, పండగయ్యాక అన్నాను. ఏప్రిల్ అని నా కోసం చెప్తున్నాడు. అలా రాసుకోకండి."

డాక్టరు ఆమెకేసి చూసి, ఏప్రిల్ కొట్టేసి ఆగస్టు అని రాసింది. మందలించలేదు. "మంచిదైంది చెప్పారు. ఎంత కాలమైందో తెలియడం మాకు అవసరం" అంది.

"ఎందుకండీ?"

"తొందరగా మొదలుపెట్టినవాళ్ళకి మందు బాగా పనిచేస్తుంది. ఆలస్యమైతే కొంత కష్టం. చేయదని కాదు."

ఆ మాట మిత్సుయో గుండెలో దిగబడిపోయింది. ఇంటికొచ్చాక నాకు చెప్పినప్పుడు కూడా ఆ ఒక్క మాటనే మళ్ళీ మళ్ళీ చెప్పింది. ఆలస్యమైతే కొంత కష్టం. ఆ కొంత ఎంతో, ఆ కొంత తను కట్టిన పెట్టెల్లో ఎన్ని పెట్టెలంతో లెక్క తేలక కొట్టుకుంది.

వైద్యం ఏమిటంటే, ఆసుపత్రిలో పడుకోబెట్టి మూడు రోజులు వరసగా స్టెరాయిడ్ మందు పెద్ద మోతాదులో నరంలోకి ఎక్కించడం. ఆ తర్వాత కనిపెట్టి చూడటం. చెమట రాకపోతే కొన్ని వారాలకి మళ్ళీ ఎక్కించడం. తెత్సురోకి మందు ఎక్కుతున్నన్నాళ్ళూ నోరంతా ఇనుము చప్పరించినట్టుండేదట, కన్ను మూతపడేది కాదు, మొహం ఎర్రగా పొంగింది. మొదటిసారి అయిపోయింది. చెమట రాలేదు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం నేను వాళ్ళింటికి వెళ్తే వంటింటి తలుపులు, కిటికీలు బిగించి, ఫ్యాను ఆపేసి, మిత్సుయో నేల మీద కూర్చుని ఉంది. బట్టలు ఒంటికి అతుక్కుపోయాయి. గడ్డం మీంచి చెమట బొట్లు బొట్లుగా కారుతోంది. పక్కన బార్లీ టీ గ్లాసు నిండుగా, ముట్టకుండా.

"ఏమిటే ఇది?"

"ఏం లేదు పిన్నీ. ఊరికే కూర్చున్నాను."

నేను కిటికీ తెరిచాను. "నువ్విక్కడ ఉడికితే అక్కడ వాడికి చెమట పడుతుందా? తాగు ముందు ఆ టీ."

తాగింది. తాగి, "నాకు ఎంత సులువుగా పడుతోందో చూడు" అంది. చేయి చాపి చూపించింది. నేను తువ్వాలు తెచ్చి ఆ చేయి తుడిచాను.

తమ్ముడు ఇంటికొచ్చాక ఆమె తీరు వాడికి ఇంకా కష్టమైంది. వాడు గదిలోంచి హాల్లోకి నడిస్తే మంచుముక్కల సంచీ పట్టుకుని వెనకాలే. మెట్లు ఎక్కితే కింద నిలబడి ఎదురుచూపు. గంటకోసారి నుదుటి మీద చేయి. అద్దాల వెనక పొయ్యిని మళ్ళీ లోపలికి మార్పించి, తనే కొద్దికొద్దిగా ఒంటి చేత్తో కాల్చేది. గిరాకీ సగం పోయింది. దాని గురించి ఒక్క మాట లేదు. ఎవరైనా బేరమాడితే అడిగినదానికే ఇచ్చేసేది. "మిత్సుయో బదులు ఎవరో దాని బట్టలు కట్టుకుని కూర్చున్నట్టుంది" అన్నాడు పిండి బస్తాల అతను నాతో.

రెండోసారి మందు ఎక్కించాక డాక్టరు ఒక మాట చెప్పి పంపింది. రోజూ గోరువెచ్చని నీళ్ళలో కూర్చుని మెల్లమెల్లగా ఒళ్ళు వేడెక్కించాలి. గ్రంథులకి పని గుర్తుచేయాలి. ఒంటరిగా మాత్రం వద్దు, పక్కన మనిషి ఉండాలి, చల్లనీళ్ళు సిద్ధంగా ఉండాలి, తల తిరిగితే తక్షణం బయటికి రావాలి.

అలా వాళ్ళు నా దగ్గరికి వచ్చారు. స్నానశాల తెరిచే వేళకి ముందే, జనం లేనప్పుడు, తెత్సురో కోసం మగవాళ్ళ వైపు చిన్న తొట్టి నింపి వేడి తగ్గించి ఉంచేదాన్ని. మిత్సుయో ఆడవాళ్ళ వైపు. మధ్యన గోడ, పైన మాత్రం కప్పుదాకా ఖాళీ. ఆ ఖాళీలోంచి మొగుడూ పెళ్ళాలు "సబ్బు విసురు" అని అరుచుకోవడం మామూలే. నేను మధ్యలో, స్నానానికొచ్చేవాళ్ళ దగ్గర డబ్బులు తీసుకునే నా ఎత్తు బల్ల మీద కూర్చునేదాన్ని.

"పట్టిందా?" అని ఇటునుంచి అక్క.

"లేదు."

కాసేపాగి, "ఇప్పుడు?"

"అక్కా, నీళ్ళలో కూర్చున్నాను. ఒళ్ళంతా తడే. ఎలా తెలుస్తుంది?"

"నుదురు నీళ్ళలో లేదుగా. చూసుకో."

"నా నుదురు నేనెలా చూసుకోను?"

"సూదులు గుచ్చుతున్నాయా?"

"గుచ్చుతున్నాయి. పోయిన వారం కంటే ఎక్కువగానే. అవి గుచ్చడం మంచిదేనంది కదా డాక్టరు."

ఇటు నీళ్ళు కదిలిన చప్పుడు. తర్వాత మిత్సుయో గొంతు, ఎప్పుడూ లేనంత చిన్నగా.

"తెత్సూ, నన్ను క్షమించరా."

"పర్వాలేదక్కా."

"అలా అనకు. ఆసుపత్రిలో కళ్ళు తెరవగానే అదే అన్నావు. రోజూ అదే అంటున్నావు. నువ్వు పర్వాలేదన్నప్పుడల్లా నాకు ఎక్కడికి పోవాలో తెలియట్లేదు."

తెత్సురో చాలాసేపు పలకలేదు. నాకు భయమేసి లేచి అటు తొంగిచూశాను. తొట్టి అంచుకి తల ఆనించి కప్పుకేసి చూస్తున్నాడు. చేత్తో నాకు సైగ చేశాడు, బాగానే ఉన్నానని.

"సరే," అన్నాడు చివరికి. "పర్వా ఉంది. కోపంగా ఉంది నీ మీద. పండగయ్యాక వెళ్ళమన్నందుకు కూడా కాదు, పని ఉంది, నాకూ తెలుసు. సూదులు గుచ్చుతున్నాయంటే నవ్వావు చూడు, అందుకు. చిన్నప్పుడు నాకు ముల్లు గుచ్చుకుంటే సూది కాల్చి తీసేదానివి, తీసేదాకా అన్నం తినేదానివి కాదు. అలాంటి నువ్వు నవ్వావు."

తెత్సురో మొహాన నీళ్ళు చల్లుకుని మళ్ళీ అందుకున్నాడు.

"నా మీద కూడా కోపంగానే ఉందిలే. ఆ గుడ్డ కింద కూర్చుని నేనూ మురిసిపోయాను. నాన్న చూస్తున్నాడనుకునేవాణ్ణి. తలనొప్పి వచ్చినా లేవాలనిపించేది కాదు, లేస్తే మళ్ళీ ఆ పాత తెత్సురోనే అయిపోతానేమోనని." కాస్త ఆగి, "చెప్పేశాను. ఇంక నువ్వు మంచుముక్కలు పట్టుకుని నా వెనకాల తిరగొద్దు. రోగం నేను మోస్తాను. నీ ఏడుపు కూడా నా నెత్తినే పెట్టకు అక్కా, బరువుగా ఉంటోంది" అన్నాడు.

మిత్సుయో ఏడ్చింది. తండ్రి పోయినప్పుడు కూడా నేను ఆ ఏడుపు వినలేదు. ఆమె ఏడుపు అటు వినపడకుండా నేను ఆడవాళ్ళ వైపు కుళాయి పూర్తిగా తిప్పి వదిలేశాను. బయటికొచ్చాక కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "ఆకలేస్తోంది పిన్నీ" అంది. ఎన్ని వారాల తర్వాతో ఆ మాట.

ఆ తర్వాత కూడా చెమట వెంటనే రాలేదు. మూడోసారి మందు ఎక్కించారు. ఆకులు ఎర్రబడే కాలం వచ్చింది. ఒకరోజు తెత్సురో స్నానం ముగించుకొచ్చి నా బల్ల పక్కన పాలు తాగుతున్నాడు. తల తుడుచుకున్నాడు, మొహం తుడుచుకున్నాడు. కాసేపటికి మళ్ళీ తుడుచుకుని తువ్వాలుకేసి చూశాడు.

"పిన్నీ, నా పెదవి మీద ఇది నీళ్ళేనా?"

చూశాను. పై పెదవి మీద, ముక్కు పక్కన, ఆవగింజల్లా. "తుడుచుకుని ఆగు" అన్నాను. తుడుచుకుని ఆగాడు. మళ్ళీ వచ్చాయి.

"అక్కని పిలవనా?"

"వద్దు. నేనే వెళ్తాను."

చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా సందు దాటాడు. మిత్సుయో పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఆమె ముందు వంగాడు. నేను గుమ్మంలోంచి చూస్తున్నాను. ఆమె వేలితో వాడి పై పెదవి తుడిచి, ఆ వేలు నాలుక మీద పెట్టుకుంది. ఏమందో నాకు వినపడలేదు. పొయ్యి మీద సెంబేలు నల్లగా మాడుతున్నా ఇద్దరిలో ఒక్కరూ తిప్పలేదు.

చలికాలమంతా చెమట మెల్లమెల్లగా కిందికి దిగింది. మొహం, తర్వాత ఛాతీ, తర్వాత వీపు. కిందటి మే నెలలో మళ్ళీ అయోడిన్ పూసి వేడి గదిలో కూర్చోబెట్టారు. నడుం పైభాగమంతా ఊదా చుక్కలు కమ్ముకున్నాయి. తొడలు, పిక్కలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. డాక్టరు సంతోషించింది. వేసవుల్లో జాగ్రత్తగా ఉండాలని, తిరగబెట్టే అవకాశం ఉందని, పొయ్యి పని మానేయమని చెప్పింది. తెత్సురో అప్పటికే ఉత్తరం కొసన హొక్కాయిడోలో, కుషిరో రేవులో చేపల శీతల గిడ్డంగిలో పని చూసుకున్నాడు. అక్కడ ఆగస్టులో కూడా స్వెట్టరు వేసుకుంటారు.

మిత్సుయో ఆ రోజు డాక్టరుని ఒక్కటే అడిగిందట. "నేను ఆలస్యం చేయకుండా ఉంటే కాళ్ళకి కూడా వచ్చేదా?"

డాక్టరు కలం పక్కన పెట్టింది. "వచ్చేదేమో. రాకపోయేదేమో. చెప్పలేనండి" అంది.

ఆసుపత్రి నుంచి వస్తూ దారిలో నూడిల్స్ కొట్లో కూర్చున్నప్పుడు తెత్సురో అక్క మొహం చూసి, "కంపు కొట్టే అరికాళ్ళకి మాత్రం ఈ రోగం ఒక్కరోజు కూడా రాలేదు, చూశావా? దేవుడికి కూడా నా మేజోళ్ళంటే భయం" అన్నాడట. ఆమె నవ్వింది. నవ్వి, తన గిన్నెలోవి కూడా వాడి గిన్నెలో వేసింది. వాడు ఈసారి వద్దనకుండా తిన్నాడు.

ఇప్పుడు వాడు అక్కడ, ఈమె ఇక్కడ. ఆదివారాలు ఫోను చేస్తాడు. వారం క్రితం మిత్సుయో మా స్నానశాలలో జనం లేని వేళ కూర్చుని ఈ సంగతులన్నీ మళ్ళీ తవ్వుకుంటూ, "ఆ డాక్టరు తిట్టినా బాగుండేది పిన్నీ. నీ వల్లే అన్నా, నీ వల్ల కాదన్నా ఏదో ఒకటి పట్టుకుని ఉండేదాన్ని. చెప్పలేను అంది. అదే పట్టుకుని ఉన్నాను" అంది.

నేను ఆమె వీపు రుద్దుతూ ఉండిపోయాను. కాసేపటికి లేచి, నీళ్ళు పోసుకుని, తల తుడుచుకుంది. కుషిరోకి పంపాల్సిన పార్సిలు పోస్టాఫీసు మూసేలోపు ఇవ్వాలని, తడి జుట్టుతోనే వెళ్ళిపోయింది.